మాటకో గుండీ

ఆదివారం పొద్దున్న చెల్లెలు వంటగది గుమ్మంలో నిలబడి, "అక్కా, ఇవాళ మనం జంతువుల మ్యూజియంకి వెళ్దాం. పిల్ల ఎప్పట్నించో ప్రాణం తీస్తోంది" అంది.

పెద్దమ్మ చేతిలో గిన్నె తోముతున్నది తోముతున్నట్టే ఆగిపోయింది. మ్యూజియం అన్నందుకు కాదు, 'మనం' అన్నందుకు.

ఆవిడకి పేరు లేక కాదు. పిల్ల పుట్టినప్పట్నించీ ఆ ఇంట్లోనే కాదు, వీధిలో కూడా అందరికీ పెద్దమ్మే. చెల్లెలు ఆసుపత్రిలో నర్సు. మరిది గోదాములో సూపర్‌వైజరు. ఇద్దరి డ్యూటీలూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతుంటే, మధ్యలో పిల్లకి జడ వేసిందీ, జ్వరం వస్తే పక్కన కూర్చున్నదీ పెద్దమ్మే. వీధి చివరి లాండ్రీ వెనక గదిలో ఆవిడ కుట్టు మిషను ఉంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావైపోయిన వాళ్ళ కోట్లు వదులు చేయడం ఆవిడ పని. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కొలతలు కుదరలేదు" అనేది. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది, ముందు వాళ్ళు నవ్వాక.

ఇప్పుడు మరిదికి బదిలీ అయింది. రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరలేని ఊరు. కబురు వచ్చినప్పట్నించీ ఇంట్లో అట్టపెట్టెలు పుట్టలు పుట్టలుగా పెరుగుతున్నాయి. గోడల మీద పటాలు దిగిపోయాయి. అన్నీ జరుగుతున్నాయి గానీ, 'నువ్వూ మాతో వస్తున్నావు' అని ఎవరూ పెద్దమ్మతో అనలేదు. 'నువ్వు రావట్లేదు' అనీ అనలేదు.

అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా అని మీరనొచ్చు. రాలిపోవు. కానీ అడగనంత కాలం లేదనే జవాబు కూడా ఉండదు కదా. అందుకని పెద్దమ్మ అడగడం మానేసి, చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టింది. మన భాషలో ఉన్న తిరకాసే అది. 'మేము' అంటే నువ్వు కాక మిగతావాళ్ళం. 'మనం' అంటే నువ్వు కూడా. చెల్లెలు ఫోన్లో ఎవరితోనో కాకుండా తనతోనే, "మేము పెద్ద సామాను ముందే పంపించేస్తాం అక్కా" అంటే ఆ పూట పెద్దమ్మకి ముద్ద దిగేది కాదు. మరిది, "అక్కడ మనకి చలి కాస్త ఎక్కువే వదినా" అంటే ఆ రోజు మిషను మీద కాలు పరుగెత్తేది. మళ్ళీ తనకి తనే చెప్పుకునేది, మర్యాదకి కూడా మనం అంటారని. ఇల్లు చూపించే బ్రోకరు ముక్కూ మొహం తెలియని వాళ్ళతో "ఇది మన ఇల్లే అనుకోండమ్మా" అనడూ? వాడితో పాటు కాపురం ఉంటామా?

ఈ రెండు మాటల గొడవ ఆ ఇంట్లో కొత్తది కాదు. పిల్ల బళ్ళో మాట్లాడే భాషలో రెంటికీ కలిపి ఒకటే మాట. దాంతో అది ఇంటికొచ్చి అన్నిటికీ మనం అనేసేది. వాళ్ళ నాన్న స్నేహితుడు ఫోన్ చేస్తే, "అంకుల్, మనం భోంచేస్తున్నాం" అంది ఒకసారి. "అవునా తల్లీ, నా కడుపుకి ఆ సంగతి తెలీదే" అన్నాడాయన. ఇంకోసారి కింద వాటా ఆవిడ తలుపు కొడితే, "మనం పడుకున్నాం, తర్వాత రండి" అని అరిచింది. ఆవిడ గుమ్మంలోనే నవ్వలేక చచ్చింది.

అప్పట్నించి పెద్దమ్మ ఒక ఆట పెట్టింది. పిల్ల తప్పు మాట అనగానే, పెద్దమ్మ కనుబొమ్మలెత్తి "మనమా?" అంటుంది. పిల్ల వేళ్ళు ముడిచి ఎవరెవరున్నారో చూసుకుని సరిచేసుకుంటే ఒక గుండీ. పెద్దమ్మ పర్సులో ఎప్పుడూ విడి గుండీలుంటాయి. తెగిపోయినవి, జత దొరకనివి, ఎవరూ తిరిగి అడగనివి. పిల్ల సీసా ఒకటి అలాంటి గుండీలతో నిండింది. ఈ మధ్య అది మనం, మేము తప్పుల్లేకుండానే వాడుతోంది. తనకి రావలసిన గుండీలు తగ్గిపోయాయని దానికి కోపం కూడా.

పిల్లని ఇంట్లో పిడుగు అంటారు. మ్యూజియం గేటు దాటగానే ఆ పేరు సార్థకం చేసుకుంది. పెద్ద హాలు కప్పు నుంచి తీగలకి వేలాడుతున్న తిమింగలం ఎముకల కింద చేతులు బార్లా చాపి గిరగిరా తిరిగింది. "ఇది మన బస్సు కంటే పెద్దది!" అని అరిచింది. కుర్చీలో కూర్చున్న కాపలాదారు వేలు పెదాల మీద పెట్టి, మళ్ళీ తనే నవ్వాడు.

చెల్లెలు ఫోన్ తీసి పెద్దమ్మ చేతిలో పెట్టింది. "ఒకటి తియ్యక్కా." ముగ్గురూ తిమింగలం దవడ కింద నిలబడ్డారు. ఫోటోలు తీసేది ఎప్పుడూ పెద్దమ్మే కాబట్టి, ఆ ఇంటి ఫోటోల్లో ఆవిడ ఉండదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆవిడకి తట్టనే లేదు. ఇవాళ తట్టింది. తట్టినా, ముగ్గురూ సరిగ్గా పట్టేట్టు చూసి తీసింది.

పై అంతస్తులో దూది కూరి నిలబెట్టిన జంతువులు. పెద్దమ్మ ఎలుగుబంటి ముందు ఆగిపోయింది. పొట్ట మీద కుట్టు కనిపిస్తోంది. పైనంతా ఒద్దికగా, వెంట్రుకల్లో కలిసిపోయేట్టు వేసి, కిందికొచ్చేసరికి ఎవడో విసుగొచ్చి బారుబారుగా లాగేశాడు.

"భోజనాల వేళ అయి ఉంటుంది వాడికి" అంది.

చెల్లెలు ఫక్కున నవ్వింది. చిన్నప్పుడు నవ్వినట్టే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నవ్వు ఆగాక పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "అక్కా, నీతో ఒక మాట..."

"చెప్పు."

చెల్లెలు ఎలుగుబంటి వైపు చూసింది, పెద్దమ్మ వైపు చూసింది. "ఏం లేదు. కాళ్ళు నొప్పెడుతున్నాయా?"

"నాకెందుకు నొప్పి? రోజంతా మిషను తొక్కే కాళ్ళు."

మరిది ఈ మాటలు విననట్టు పక్కనున్న రాళ్ళ గదిలోకి దూరాడు. ఆయనకి రాళ్ళంటే అంత ఇష్టమని పెళ్లయిన ఇన్నేళ్ళలో ఎవరికీ తెలియదు. ప్రతి రాయి ముందూ చేతులు వెనక్కి కట్టుకుని, ఆ రాయి ఏదో రహస్యం చెబుతున్నట్టు వంగి నిలబడ్డాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.

పెద్దమ్మకి అప్పుడు ఒక అనుమానం వచ్చింది. ఈ షికారు పిల్ల కోసం కాదేమో. ఇంట్లో నోరు పెగలని మాట ఇక్కడ పెగులుతుందేమోనని తీసుకొచ్చారేమో. ఛ, అదేం ఆలోచన అని తనని తనే కసురుకుంది.

పిడుగు గాజు అర ఒకదానికి ముక్కు ఆనించి పిలిచింది. లోపల ఎండుగడ్డిలో జింకల కుటుంబం. కొమ్ములతో నాన్న, మేస్తూ అమ్మ, మధ్యలో మచ్చల పిల్ల. వాటికి కొంచెం వెనగ్గా, పొదల పక్కన ఇంకో జింక ఇటే చూస్తూ ఉంది.

"అది నాన్న, అది అమ్మ, అది నేను" అంది పిడుగు. "మరి వెనకాలది ఎవరు?"

"వాళ్ళ పెద్దమ్మ అయ్యుంటుంది" అంది పెద్దమ్మ.

పిడుగు పక్కకి జరిగి, గాజు అంచు నుంచి ఒంటికన్నుతో చూసింది. "కాదు, అది నిజంది కాదు! గోడ మీద బొమ్మ!"

పెద్దమ్మ కూడా జరిగి చూసింది. నిజమే. పొదలూ కొండలూ ఆకాశంతో పాటు గోడ మీద వేసిన రంగే. ఎదురుగా నిలబడితే తేడా తెలియదు. "బాగానే వేశాడు" అంది. చెల్లెలు పిల్లని దగ్గరికి లాక్కుంది. పిల్ల జడకి రిబ్బను సరిగానే ఉన్నా, విప్పి మళ్ళీ కట్టింది.

తిరిగి కింద హాల్లోకి వచ్చేసరికి పిడుగు కూడా అలిసిపోయింది. చెల్లెలు నీళ్ళ సీసా నింపుకొస్తానని వెళ్లింది. మరిది ఇంకా రాళ్ళ దగ్గరే. పెద్దమ్మా పిల్లా తిమింగలం కింద బల్ల మీద కూర్చున్నారు. పిల్ల తల పెద్దమ్మ ఒళ్ళో పెట్టి, పైకి చూస్తూ కాళ్ళు ఊపుతోంది. ఆ తల బరువు పెద్దమ్మకి కంఠతా వచ్చు. పిల్ల చిన్న దిండంత ఉన్నప్పట్నించీ ఆ తల అక్కడే ఉంది.

"కొత్త ఊళ్ళో కూడా మ్యూజియం ఉందంట పెద్దమ్మా. అక్కడ ఏనుగు ఎముకలున్నాయంట. నాన్న చెప్పారు."

"అలాగా?"

"ఊఁ. సెలవు రోజున మనం వెళ్తాం."

పెద్దమ్మకి ప్రాణం లేచి వచ్చింది. పిల్లల దగ్గర దాపరికం ఉండదు. ఇంట్లో అనుకున్న మాటే దాని నోట వస్తుంది. అయినా ఇన్నాళ్ళూ గొంతు దాటని ప్రశ్న అప్పుడు దాటేసింది. దానికి ఆవిడ దగ్గరున్నది ఒక్క మాటే.

"మనమా?" అంది.

నిజంగానే అడిగింది. పిల్లకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? అది గబుక్కున లేచి కూర్చుంది. కళ్ళు మెరిశాయి. చాలా రోజుల తర్వాత ఆట వచ్చింది. నుదురు ముడిచి వేళ్ళు మడిచింది. అమ్మ. నాన్న. నేను. నాలుగో వేలు మడవబోయి పెద్దమ్మ వైపు చూసి, దాన్ని మళ్ళీ చాపేసింది.

"కాదు కాదు. మేము! మేము వెళ్తాం. నువ్వు ఇక్కడే ఉంటావుగా. అక్కడ రెండే గదులంట." అరచెయ్యి చాపింది. "కరెక్టేనా పెద్దమ్మా?"

హాలంతా జనమే. ఎవరో పసివాడు ఏడుస్తున్నాడు, ఎవరో పిలుస్తున్నారు. పెద్దమ్మకి ఏదీ వినపడలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. పంటి బిగువున ఆపుకుంది. తను నేర్పిన పాఠమే. ఎంత ఓపిగ్గా నేర్పింది!

"కరెక్టే తల్లీ" అంది. "చక్కగా చెప్పావు."

పర్సు తెరిచింది. లోపల వేళ్ళు చాలాసేపు వెతికాయి. అన్నిటి అడుగునా ఉన్న పెద్ద ముత్యపుచిప్ప గుండీ తీసింది. పిల్ల ఎప్పట్నించో దాని మీద కన్నేసింది గానీ, ఇంతకాలం ఆవిడ ఇవ్వలేదు.

"ఇదా! నాకా! ఎందుకు?"

"ఈ మాట కష్టమైంది. అందుకు."

పిల్ల గుండీ గుప్పిట్లో బిగించి, "నాన్నా, నేను కరెక్ట్ చెప్పా!" అని అరుస్తూ మెట్లెక్కి పరుగెత్తింది.

అప్పుడు గానీ పెద్దమ్మ చూడలేదు. చెల్లెలు నీళ్ళ సీసా పట్టుకుని బల్ల వెనకాలే నిలబడి ఉంది. ఎంతసేపట్నించో మరి. వచ్చి పక్కన కూర్చుంది. సీసా మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

"నేనే చెబుదామనుకున్నానక్కా. రోజూ అనుకున్నా. నోరు రాలేదు."

"పోన్లే. అది చెప్పిందిగా."

"ఆ ఇల్లు మరీ ఇరుకక్కా. కొన్నాళ్ళు పోనీ. మనం ఏదో ఒకటి ఆలోచిద్దాం."

"మనమా?" అంది పెద్దమ్మ.

దెప్పిపొడుద్దామని కాదు. అలవాటుగా వచ్చేసింది. చెల్లెలు తల వంచుకుంది. కన్నీళ్ళు సీసా మీద పడుతుంటే చీర కొంగుతో తుడిచింది, కళ్ళని కాదు, సీసాని. అబద్ధం ఆడదామన్నా అక్క దగ్గర ఎప్పుడూ ఆడలేకపోయింది.

"మేమే అక్కా" అంది చివరికి.

పెద్దమ్మ మళ్ళీ పర్సు తెరిచింది. తర్వాత చెల్లెలి చెయ్యి లాక్కుని, ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అరచేతిలో ఒక గుండీ పెట్టింది.