అరవై మూడు కిలోమీటర్ల వేగం

నలభై ఆరేళ్ళు వచ్చేదాకా ఎర్వాన్ దృష్టిలో అసూయ అంటే పక్కవాళ్ళకి వచ్చే జబ్బు. పారిస్‌లో రిపబ్లిక్ కూడలి దగ్గర ఒక ల్యాబులో అతను కట్టుడు పళ్ళు చేస్తాడు. ఎంత గొప్పవాళ్ళకైనా నోట్లో ఏదో ఒక పన్ను వంకరే ఉంటుందని తెలిసినవాడు కాబట్టి మనుషుల మీద పెద్దగా ఆశలూ పెట్టుకోడు, అనుమానాలూ పెట్టుకోడు. అలాంటివాడికి ఆ జబ్బు తగులుకుంది, అదీ పెళ్ళాం చక్రం మూలంగా.

చక్రమంటే కరెంటు ఒంటిచక్రం. ఉన్నది ఒకే చక్రం, దానికి అటొక పెడలు, ఇటొక పెడలు. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నిలబడి ముందుకు వాలితే పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. పారిస్ శివారు పాంతాన్‌లో ఇంటి నుంచి కాలవగట్టు వెంబడి ఎర్వాన్, మేలిస్ మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ పనులకి పోయేవారు. అతను రిపబ్లిక్ దగ్గర దిగిపోతే, ఆమె ఇంకాస్త దూరం పోయి కంటి డాక్టరు గారి ఆఫీసు తలుపులు తీసేది. ఆమెకి చక్రం నేర్పింది అతనే. మూతబడిన సూపర్‌మార్కెట్ వెనక ఖాళీ జాగాలో పదకొండు ఆదివారాలు చెయ్యి పట్టుకుని నడిపించాడు. పన్నెండో ఆదివారానికి ఆమెకి ఆ చెయ్యి అవసరం లేకపోయింది, అయినా ఇద్దరూ వదల్లేదు.

ఆదివారాలు లా విలెత్ పార్కులో ఒంటిచక్రాలవాళ్ళు పాతికమంది చేరతారు. అందరి ఫోన్లలోనూ ఒకటే పట్టీ ఉంటుంది, ఎవరు ఏ రోజు ఏ వేళకి ఎంత వేగం పోయారో అందులో పడుతుంది. స్విచ్ ఆపకుండా, మోయడానికి పైనుండే పిడి పట్టుకుని ఎత్తితే చక్రం గాల్లో గిర్రున తిరిగిపోతుంది. ఫోనుకేం తెలుసు, అది కూడా వేగమే అనుకుని రాసేసుకుంటుంది. కొత్తగా చేరినవాళ్ళు ఆ అంకె చూపించి గొప్పలు పోతుంటే ఎర్వాన్ గడ్డం గోక్కుంటూ, "ఎక్కిన వేగమా, ఎత్తిన వేగమా?" అని అడిగేవాడు. అందరూ నవ్వేవారు. ఆ మాట అతని పేరుమీదే చలామణీ అయిపోయింది.

మెట్ల దగ్గర స్విచ్ ఆపమని మేలిస్‌కీ వందసార్లు చెప్పాడు. ఆమె వందసార్లూ మరిచిపోయింది. చెప్పి లాభం లేదని నాలుగంతస్తులూ ఆమె చక్రాన్ని కూడా తనే మోసేవాడు. లిఫ్టు లేని ఇల్లు అది.

మార్చిలో మేలిస్ చక్రం బ్యాటరీ చచ్చిపోయింది. తాంక్రెడ్ తను కొత్తది కొనుక్కుంటున్నాననీ, తన పాతది ఆమెకి ఇచ్చేస్తాననీ అన్నాడు. తాంక్రెడ్ అంటే ఆదివారం గుంపులో ఉండే ఆర్కిటెక్టు. జుట్టు ముడివేసుకుని, మోకాళ్ళకీ మోచేతులకీ నల్లటి తొడుగులు వేసుకుని, యుద్ధానికి బయల్దేరినట్టు ఉంటాడు. చక్రంతో పాటు ఎర్రటి చేతితొడుగులు కూడా ఇచ్చాడు. అవి సరిగ్గా మేలిస్ చేతికి సరిపోవడం ఎర్వాన్‌కి అంతగా నచ్చలేదు.

ఆ చక్రం వేగంగా పోతుంది. ఎర్వాన్‌ది ముసలిది, గంటకి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు దాటితే కీచుమని అరిచి, పెడళ్ళు పైకి లేపి మనిషిని వెనక్కి నెట్టేస్తుంది. ఫిబ్రవరిలో అయితే చార్జింగ్ తగ్గి నడిరోడ్డు మీద చచ్చూరుకుంది. ఎర్వాన్ బోర్లా పడ్డాడు, పై పన్ను ఒకటి విరిగింది. తన పన్ను తనే చేసుకుని పెట్టుకున్నాడు. కొత్త చక్రం వచ్చిన మొదటివారం మేలిస్ కాళ్ళు బిగబట్టుకుని అతని పక్కనే నిదానంగా వచ్చేది. అది చూసి అతనికి చిన్నతనం అనిపించింది.

"నా కోసం ఈడ్చుకుంటూ రావక్కర్లేదు, నీ దారిన నువ్వు పో" అన్నాడు ఒక రోజు. వద్దు అంటుందనుకున్నాడు. ఆమె ఒక్కక్షణం అతని మొహంలోకి చూసి, సరేనని వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. కాలవ మలుపు తిరిగేసరికి ఆమె వీపు కూడా కనపడేది కాదు.

ఒక గురువారం కాఫీ తాగుతూ పట్టీ చూశాడు. పైన తాంక్రెడ్, అరవై నాలుగు. కింద మేలిస్, అరవై మూడు, పొద్దున ఎనిమిది ఇరవై నాలుగుకి. ఊళ్ళో ఇరవై అయిదు దాటకూడదని చట్టం. కాఫీ చల్లారిపోయింది. బుధవారానిది తీసి చూశాడు, అరవై రెండు, మళ్ళీ ఎనిమిది ఇరవై నాలుగే. మంగళవారం, సోమవారం కూడా అదే వేళకి. తనతో మూడేళ్ళు పాతిక దాటనిది, ఎవడితో పోటీపడి ఇలా ఎగిరిపోతోంది? ఆ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి అలా పడుకుని ఉండడం చూడలేక ఫోను బోర్లించేశాడు.

అప్పటినుంచి ప్రతిదీ కళ్ళకి గుచ్చుకోవడం మొదలైంది. ఆమె వంట చేస్తూ కూనిరాగం తీస్తే దానికో అర్థం. టైర్లో గాలి ఎంతుండాలో తాంక్రెడ్ చెప్పాడంటే దానికో అర్థం. పొద్దున దారిలో ఎర్వాన్ కళ్ళు చెట్లనీ చూడవు, నీళ్ళనీ చూడవు. తల వంచుకుని, దూరంగా రోడ్డు చివర రెండు వీపులు పక్కపక్కన కనపడతాయేమోనని వెతుకుతూ పోయేవాడు. ఎన్నడూ కనపడలేదు. కనపడకపోవడం ఇంకా ఘోరంగా ఉండేది. అడిగేస్తే పోయేది, కానీ అడిగితే తను కుళ్ళుకుంటున్నట్టు తెలిసిపోతుంది. అంతకంటే చక్రం కొనడం తేలిక అనిపించింది.

చక్రాలమ్మే ఓదిల్ ఒకప్పుడు లారీ నడిపిన మనిషి. కొనేవాళ్ళని పోలీసులు అడిగినట్టు అడుగుతుంది. ఎంత దూరం పోతావు, ఎన్నో అంతస్తు, లిఫ్టుందా, వర్షంలో పోతావా అని అడిగి, ఇరవై రెండు కిలోలదొకటి తెచ్చి ముందు పెట్టింది. నలభై దాకా పోతుంది, గుంతల్లో ఒళ్ళు కుదపదు, నీ దారికి ఇది ఎక్కువే అంది. ఎర్వాన్ దాన్ని ముట్టుకోలేదు.

"అరవై మూడు దాటేది కావాలి" అన్నాడు.

"అరవై రెండు చాలదా?"

"వేగం కోసం కాదు ఓదిల్. భద్రత కోసం. మోటారుకి దమ్ముంటే తక్కువ వేగంలో చచ్చిపోదు కదా."

నిజానికి ఆ మాట తప్పేమీ కాదు, ఒంటిచక్రాలవాళ్ళందరూ ఒప్పుకునేదే. అందుకే ఓదిల్ ఇంకా గట్టిగా నవ్వింది. "ఈ కొట్లో నిలబడి ప్రతి మగాడూ ఇదే చెప్పాడు నాకు. మీ అందరికీ ఒక్కసారే ప్రాణభయం పట్టుకున్నట్టుంది" అంటూ లోపల్నుంచి ముప్ఫై తొమ్మిది కిలోలది దొర్లించుకొచ్చింది. డెబ్బై అయిదు పోతుందట. అది ఊళ్ళో తిరగడానికి కాదనీ, మెట్లున్న ఇంటికి అసలే కాదనీ చెప్పింది. ఎర్వాన్‌కి డెబ్బై అయిదు తప్ప ఇంకేం వినపడలేదు.

ఆ సాయంత్రం నాలుగంతస్తులూ దాన్ని మోసుకెళ్ళడానికి అతను ప్రతి అంతస్తులోనూ ఆగాల్సి వచ్చింది. మేలిస్ తన చక్రం తనే మోసుకుంది. లోపలికొచ్చాక కొత్తదాన్ని చుట్టూ తిరిగి చూసి, ఇంత పెద్దదెందుకని అడిగింది. అతను భద్రత అన్నాడు. ఆమె మొహం వెలిగింది. అయితే రేపట్నుంచి కలిసి పోవచ్చు కదా అంది. అతను టైరు నొక్కి చూస్తున్నట్టు నటిస్తూ, తను కాస్త ఆలస్యంగా బయల్దేరతానన్నాడు. ఆమెని ముందు పోనిచ్చి, వెనకనుంచి పట్టుకోవాలని అతని పథకం.

"కొత్తది కదా, నెమ్మదిగా రా" అంది మేలిస్ పొద్దున గుమ్మంలో, ఎర్ర తొడుగులు వేసుకుంటూ.

నాలుగు నిమిషాలు ఆగి బయల్దేరాడు. కొత్త చక్రం నిజంగా దెయ్యంలా ఉంది, వాలడమే ఆలస్యం, గట్టుమీద సైకిళ్ళవాళ్ళు తిట్టేలోపు దాటేస్తోంది. నలభై, నలభై అయిదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గాలికేనని చెప్పుకున్నాడు. కాలవ వంపు తిరగ్గానే మేలిస్ కనిపించింది. ఒక్కతే ఉంది. ఇరవై దాటకుండా అందరిలాగే పోతోంది. ఎర్వాన్ వేగం తగ్గించాడు, ఎంత వెనక ఉండాలో తెలియక తికమకపడ్డాడు. ఇనప వంతెన దగ్గర ఆమె దిగింది. కాలినడకన కాలవ దాటేవాళ్ళకోసం కట్టిన మెట్ల వంతెన అది. ఎర్వాన్ చటుక్కున ఒక చెస్ట్‌నట్ చెట్టు వెనక్కి తప్పుకున్నాడు.

మేలిస్ వంగి, చక్రాన్ని పిడి పట్టుకుని ఎత్తింది. స్విచ్ ఆపలేదు.

చక్రం గాల్లో గుయ్యిమని తిరిగింది. ఆ చప్పుడు ఎర్వాన్‌కి తన గొంతంత బాగా తెలుసు. ఫోను చూసుకున్నాడు, ఎనిమిది ఇరవై నాలుగు. పట్టీలో అప్పుడే పడింది, మేలిస్, అరవై మూడు.

ఆమె మెట్లెక్కి వంతెన నడిమధ్యన నిలబడింది. చక్రాన్ని కమ్మీకి ఆనించి, తొడుగులు తీసి, చేతులు రుద్దుకుంటూ పాంతాన్ వైపు చూడడం మొదలుపెట్టింది. కింద గట్టుమీద తాంక్రెడ్ వెళ్తూ ఆగాడు.

"ఇవాళ కూడా కాపలాయేనా?" అని పైకి కేకేశాడు. "నాకే ఇలాంటి పెళ్ళాం ఉంటే చక్రం మానేసి బస్సెక్కుదునమ్మా, ఆవిడకి ఈ తిప్పలు తప్పేవి."

"నీకంత అదృష్టం కూడానా, పో పో" అంది మేలిస్. అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ దారివైపు తిరిగింది, మెడ సాచి చూస్తోంది. రోజూ ఈ వంతెన కిందనుంచే తను తల వంచుకుని, ఎవరి వీపులకోసమో వెతుక్కుంటూ పోయేవాడని ఎర్వాన్‌కి అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ముప్ఫై తొమ్మిది కిలోలూ మోసుకుంటూ మెట్లెక్కాడు. సగంలోనే ఆమె చూసింది. చెట్టు వెనకనుంచి వచ్చాడని కూడా చూసింది.

"ఎంతసేపటినుంచి ఇక్కడ నిలబడుతున్నావు?" అని అడిగాడు రొప్పుతూ. అంతకంటే మంచి ప్రశ్న దొరకలేదు.

"మార్చి నుంచి" అంది. "ఆ ముసలి చక్రం మళ్ళీ ఎక్కడ పడేస్తుందోనని. పక్కన ఉండనివ్వవు కదా. నువ్వు దాటిపోవడం చూసి వెళ్ళేదాన్ని."

ఎర్వాన్ అప్పుడు ఆపుకోలేక అంతా కక్కేశాడు. పట్టీ, అరవై మూడు, అరవై నాలుగు, తాంక్రెడ్, ఎర్ర తొడుగులు. చెబుతున్నకొద్దీ ఒక్కో మాటా ఎంత నీచంగా ఉందో తనకే వినపడింది. మేలిస్ అడ్డు చెప్పకుండా విన్నది. అతన్ని చూసింది, తర్వాత ఆ కొండంత చక్రాన్ని చూసింది. అది ఎందుకు కొన్నాడో ఇక చెప్పక్కర్లేకపోయింది.

"ఆదివారం వస్తే కనపడ్డవాడినల్లా అడుగుతావు, ఎక్కిన వేగమా, ఎత్తిన వేగమా అని" అంది నెమ్మదిగా. "పక్కలో పడుకునేదాన్ని, నన్నొక్కదాన్ని అడగలేకపోయావా?"

ఆమె వంగి తన చక్రం స్విచ్ ఆపింది, మూడేళ్ళలో మొదటిసారి. చప్పుడు లేకుండా దాన్ని ఎత్తుకుని మెట్లు దిగిపోయింది. ఎర్వాన్ తన బరువు తను మోసుకుని దిగేసరికి ఆమె చాలా ముందుంది. డెబ్బై అయిదు పోగల చక్రం మీద ఒక్క క్షణంలో అందుకున్నాడు గాని, పక్కకి రావడానికి ధైర్యం చాలలేదు. ఆమె ఇరవైకి మించకుండా పోతోంది, అతనూ ఆమె వెనకే అంతే వేగంతో పోయాడు. రిపబ్లిక్ దాకా చూస్తూనే ఉన్నాడు. ఎర్ర తొడుగులు లేవు. ఆమె రెండు చేతులూ, ఆ ఆదివారాలు అతను వదలకుండా పట్టుకున్న చెయ్యి కూడా, కోటు జేబుల్లోనే ఉన్నాయి.