జంట కుర్చీలో రెండో చోటు

"నా గరిటె ఏదక్కా?" అని అడుగుతున్నాను, ఇది మూడోసారో ముప్పయ్యోసారో తెలియదు. పొయ్యి మీద పులుసు పొంగుతోంది, ఎంత పొంగినా గిన్నె అంచు దాటడం లేదు గానీ కలపకపోతే అడుగంటుతుందని నా ఆదుర్దా. హైమక్క మాత్రం గుమ్మానికి ఆనుకుని, పోయి పది నెలలైన మనిషిలా కాక ఇప్పుడే తలంటు పోసుకుని వచ్చినదానిలా జుట్టు విరబోసుకుని నవ్వుతోంది.

"చేతిలో పెట్టుకుని వెతుకుతావేంటే సుగుణా?"

చూస్తే నిజమే, నా కుడిచెయ్యి గరిటెనే పట్టుకుని ఉంది, కానీ ఆ గరిటె వంటింటి తలుపుకి ఉంది. కాడ మీద మా అమ్మ పేరు చుక్కలతో కొట్టించిన ఇత్తడి గరిటె, నా సారెలో వచ్చింది. నేను పురిటికి వెళ్ళి వచ్చేసరికి మా తోటికోడలు దాన్ని తలుపుకి పిడిగా బిగించేసింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ పిడి లాగి, "వంటింటికి గరిటె పిడి! ఎంత తమాషా ఆలోచనండీ హైమగారూ" అని మురిసిపోయినవాళ్ళే గానీ, గరిటె ఎవరిదని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు.

"అడక్కుండా తీశావు," అంటాను.

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"మరి?"

"గరిటె అన్నాక పులుసులో ఉండాలక్కా."

"పులుసులో ఉంటే నువ్వొక్కదానివే పట్టుకునేదానివి. ఇప్పుడు ఇంటిల్లిపాదీ మీ అమ్మ చెయ్యి పట్టుకునే లోపలికొస్తున్నారు."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే మాట బాగుంది. పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో ఈవిడ ఇలాంటి మాటలే అంటూ వచ్చింది. మంచి జవాబు నాకు తట్టేది మర్నాడు గిన్నెలు సర్దుతున్నప్పుడు.

గరిటె పట్టి లాగితే తలుపు తెరుచుకుంటుంది, అటువైపు పెరడు ఉండాల్సిన చోట మెట్లున్నాయి. మా ఇంటి మెట్లే, ప్రతి మెట్టూ ఒక సొరుగు. మొదటి దాంట్లో ఉల్లిపాయలు, రెండో దాంట్లో బంగాళాదుంపలు, మూడో దాంట్లో అత్తగారి మందులు, అది కూడా హైమక్క ఆలోచనే. కానీ ఇక్కడ మెట్లు పైకి పోవడం లేదు, పక్కకి పోతున్నాయి. ఒక పక్క గోడ మెల్లగా పలచబడి కాకినాడ ఉప్పుటేరు అయిపోతోంది, పైన పాత ఇడ్లీ రేకులతో చేసిన దీపం వేలాడుతోంది, దాని గుంటల్లోంచి పన్నెండు చిన్న చందమామలు నీళ్ళ మీద పడుతున్నాయి. నేను నడుస్తూ నడుస్తూనే కొంగుతో ప్రతి సొరుగు అంచూ తుడుస్తున్నాను. తుడిచిన చోటల్లా మళ్ళీ రంపప్పొట్టు రాలుతోంది.

"చచ్చినా పొట్టు రాల్చడం మానవు కదా నువ్వు," అంటాను.

"బతికున్నప్పుడు మానితే కదా!" అంటుంది, అని పకపకా నవ్వుతుంది.

ఇప్పుడు మేము హాల్లో ఉన్నాం. గోడలు లేవు గానీ గడియారం ఉంది, కుక్కరు మూత మీద అంకెలు అతికించిన హైమక్క గడియారం. కుర్చీలు ఒక్కొక్కటిగా తమ కాళ్ళతో తామే నడిచి వస్తున్నాయి. కుడి చెయ్యి పీటంత వెడల్పుండేది అత్తగారిది, తమలపాకుల పెట్టె పెట్టుకోవడానికి. వీపు వెనక పేపరు దూర్చుకునే అర ఉన్నది బావగారిది, అంటే హైమక్క భర్తది. ఎంత తోసినా వెనక్కి వాలనిది మా ఆయనది, కూర్చుంటే చాలు కునుకు తీస్తారని. అవన్నీ నన్ను దాటుకుంటూ, ఎవరి మనిషి దగ్గరికి అవి పోతున్నాయి. నా దగ్గరికి ఏదీ రావడం లేదు, నేను నిలబడే ఉన్నాను.

హైమక్క టేపు ముట్టేది కాదు. మనిషిని నిలబెట్టి మడమ నుంచి మోకాలి మడత దాకా నూలుదారం పట్టి, అక్కడ ముడి వేసి, ఆ మనిషి పాత బట్టలోంచి ఒక పీలిక చింపి దారానికి కట్టి, ఆచారిగారికి ఇచ్చేది. ఆ వడ్రంగాయన కాగితం మీది అంకెల్ని నమ్మేవాడు కాదు గానీ ఈవిడ ముడిని నమ్మేవాడు. ఓసారి అందరి ముందూ నా దగ్గరికి కూడా దారం పట్టుకొచ్చింది. "నాకు బజారు కుర్చీ చాలక్కా, నాలుగు కాళ్ళుంటే సరి" అన్నాను. ఆ తరవాత ఆవిడ మళ్ళీ అడగలేదు, నేనూ మళ్ళీ అనలేదు. అందరూ తమ తమ కుర్చీల్లో ఒదిగి కూర్చుంటే, నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల నారలు తీసుకునేదాన్ని.

"ఇవాళ నాలుగింటికి బండి వస్తోందటగా?" అంటుంది హైమక్క, అటు తిరిగి.

నా మొహం కాలినట్టవుతుంది. చచ్చిపోయినవాళ్ళకి ఇన్ని కబుర్లు ఎవరు చేరవేస్తారో. కోనసీమలో కాటేజీలు కట్టుకుంటున్న ఒకాయన ఇవన్నీ చూసి మనసుపడి, మొత్తం తీసుకెళ్తానన్నాడు. ఇమ్మన్నది నేనే. "మీరందరూ చూసి ముచ్చటపడేవాళ్ళు, దుమ్ము దులిపేది నేను" అనేసరికి ఇంట్లో ఇంకెవరూ నోరెత్తలేదు. బావగారు కూడా, "నీ ఇష్టం అమ్మా" అని పేపరు వెనక మొహం దాచుకున్నారు.

"అవును, వస్తోంది," అంటాను.

"నేనంటే ఎందుకే నీకంత కుళ్ళు?"

బతికుండగా మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ పైకి రాని మాట, ఎంత తేలిగ్గా అడిగేసిందో. నేనూ అంతే తేలిగ్గా చెప్పేస్తున్నాను.

"నేను బీయే చదివాను. నువ్వు తొమ్మిదితో మానేశావు."

"అవును."

"నేను ఇల్లు అద్దంలా పెడతాను. నువ్వు అడుగుపెట్టిన చోటల్లా మేకులు."

"అవునవును."

"అయినా ఇంటికొచ్చినవాళ్ళు నా చేతి కాఫీ తాగుతూ నిన్ను మెచ్చుకునేవాళ్ళు. నా పిల్లాడు కూడా బడిలో మా ఇల్లు అని వ్యాసం రాయమంటే నీ గురించే రాశాడు."

ఉప్పుటేరు హాల్లోకి వచ్చేసింది, కుర్చీల కాళ్ళు చీలమండల దాకా నీళ్ళలో ఉన్నాయి, తడవడం లేదు.

"నా కుళ్ళు నీకు తెలియదులే," అంటుంది హైమక్క. "నేను చేసినవాటిలో ఒక్కటీ తిన్నగా నిలబడేది కాదు. నువ్వు ఎవరూ చూడకుండా అట్టముక్కలు మడిచి కాళ్ళ కింద పెట్టేదానివి. నేను చూడలేదనుకున్నావా? ఆ మడత కూడా ఎంత కచ్చితంగా ఉండేదని! కోపమొచ్చేది నాకు. ఒక్కసారన్నా తప్పు కొలత పెడుతుందా ఈ పిల్ల అని చూసేదాన్ని."

"పెట్టానా?"

"పెడితే నీతో నాకు గొడవేముంది?"

ఆ మాటకి సంతోషం కలగాలి, కలుగుతోంది కూడా, కానీ దాని వెనకే, ఈ ముక్క బతికుండగా నలుగురిలో అంటే నీ సొమ్మేం పోయేదనే ఉక్రోషం తన్నుకొస్తోంది. ఆ నలుగురూ ఇప్పుడు లేరు, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఒకే ఒక్కదాంట్లో హైమక్క కూర్చుని ఉంది. అది జంట కుర్చీ, ఆవిడ ఆఖరున మొదలుపెట్టింది. పాము మెలిక తిరిగినట్టు ఒకే వీపు, రెండు చోట్లు, ఒకటి వంటింటి వైపు, ఒకటి వీధి వైపు. ఆవిడ చోటు పూర్తయింది, చిక్కుడుకాయలో గింజలా ఆవిడ అందులో సరిపోయి ఉంది. రెండోది ఉత్త చట్రం.

"మొహాలు కనపడకపోతే పోట్లాడలేమని ఇలా గీశాను. నేను వంటిల్లు చూస్తాను, నువ్వు వీధి చూడు. ఎన్నాళ్ళు చూస్తావే ఆ వంటిల్లు? కూర్చో."

"ఎలా కూర్చోను? నేను కొలత ఇవ్వలేదుగా."

ఆవిడ చెయ్యి చాచి, ఎక్కడో దూరంగా ఉన్న మెట్టు సొరుగు లాగుతుంది. అందులోంచి ఒక దారం వస్తుంది, వస్తూనే ఉంటుంది, చివర ముడి, ముడికి చిలకపచ్చ పీలిక. అది నా చీర.

"ఎప్పుడు తీశావిది?"

"పెరట్లో వడియాలు పెడుతూ నిలబడ్డావు చూడు, మిట్టమధ్యాహ్నం. నీ నీడని కొలిచాను."

"మిట్టమధ్యాహ్నం నీడ పొట్టిదక్కా!"

"పొట్టిదే. ఏముందే, సర్దుకుంటావులే."

ఇరవై మంది చుట్టాలు దిగిన రోజున సర్దుకున్నాను, గరిటె పోతే సర్దుకున్నాను, ఈ ఇంటికి రెండో కోడలిగా వచ్చి అన్నిట్లో రెండోదానిగా సర్దుకున్నాను, ఆఖరికి కలలో, చచ్చిపోయిన మనిషి చేసే కుర్చీలో కూడా సర్దుకోవాలా అని గొంతు చించుకుని, "నేను సర్దుకోను!" అని అరుస్తాను. నా నోట్లోంచి మాట రాదు, పొడుగాటి ఈల వస్తుంది.

హైమక్క మొహం వెలిగిపోతుంది. "అలా రా దారికి! ఎంత ఎత్తు కావాలో నువ్వే చెప్పు. చెప్పవే సుగుణా, ఎంత?"

చెప్పబోతాను, మళ్ళీ ఈల. నీళ్ళు ఆవిడ ఒళ్ళోకి వస్తున్నాయి, పన్నెండు చందమామలూ ఒక్కటొక్కటే ఆరిపోతున్నాయి, "ఎంతే?" అని ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది, మూడో ఈల...

కుక్కరు మూడో కూత కూసి ఆగింది. ఉల్లిపాయల మెట్టు మీద కూర్చుని కునుకు తీశానన్నమాట, ఆదివారం పొద్దున్న పదకొండింటికి! రాత్రంతా నిద్ర పట్టకపోతే ఇంతే. లేచి పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుని, వంటింటి తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాను.

మెట్ల కింద గోనెపట్టా కప్పిన జంట కుర్చీ ఉంది. బండిలో దీన్నీ పంపేయమని నిన్న సాయంత్రమే ఆచారిగారు తెచ్చి పడేసి వెళ్ళాడు. నేను పట్టా ఎత్తి కూడా చూడలేదు. ఇప్పుడు ఎత్తాను. పూర్తికాని చట్రం కాలికి ఒక నూలుదారం చుట్టి ఉంది. ముడి, ముడికి చిలకపచ్చ పీలిక. రెండేళ్ళ క్రితం దుమ్ముగుడ్డలకని నేనే చింపిన చీర.

తలుపు గడియ వేసి, గోడకి ఆనుకుని నిలబడి, మడమ కింద దారం కొస తొక్కిపట్టి పైకి లాగాను. ముడి నా మోకాలి మడతకి కిందే ఆగిపోయింది. స్కేలు తెచ్చి చూశాను. అంగుళం తక్కువ. రెండో కాలికీ చూశాను. పక్కా అంగుళం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, అందరికీ పప్పు వడ్డించాక చెప్పాను.

"బండి వద్దని ఆయనకి ఫోన్ చేసేశాను."

"అదేంటే? నువ్వేగా ఇచ్చేద్దామని పట్టుబట్టావు?" అన్నారు మా ఆయన.

బావగారు కలిపిన ముద్ద కంచంలోనే ఉంచి నా వైపు చూశారు. అత్తగారు మాత్రం, "మరి దుమ్మెవరు దులుపుతారే తల్లీ?" అన్నారు.

"నేనే. మీరెవరు దులిపినా మూలలు వదిలేస్తారు." నెయ్యి గిన్నె బావగారి వైపు జరిపాను. "రేపు ఆచారిగారిని రమ్మన్నాను. జంట కుర్చీ పూర్తి చేయిస్తున్నాను. వీధి వైపు చోటు నాది. దారంలో ఉన్నదాని కంటే అంగుళం ఎత్తు పెట్టమని చెబుతాను."

బావగారు నెయ్యి గిన్నె అందుకున్నారు. "దారం సరిగ్గా హైమ చోటు ఎత్తంతే ఉందట, నిన్న ఆచారి చెప్పాడు. అంగుళం పెంచితే నీది ఆవిడ దానికంటే ఎత్తయిపోతుందేమో అమ్మా."

"అవనివ్వండి బావగారూ," అన్నాను. "నా కొలత అదీ."