చూపించేది, అమ్మేది కాదు

నేను ఒక రివెట్ నట్ గన్నును. గన్ను అన్నానని హడలిపోకండి. నా దగ్గర గుండూ లేదు, మందూ లేదు. రెండు పొడవాటి ఉక్కు పిడులు, బరువైన తల, ఆ తలకు ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఒక బోల్టు. నా ఆస్తి అంతే.

బోల్టు బిగించాలంటే వెనక నట్టును పట్టుకునే చెయ్యి ఉండాలి. బస్సు గోడలాంటి చోట రేకు వెనక్కి చెయ్యి దూరదు. అక్కడే నాకు గిరాకీ. రేకుకు బెజ్జం వేసి, నా ముక్కుకు నట్టు తొడిగి, బెజ్జంలోకి దూర్చి, పిడులు రెండూ దగ్గరికి నొక్కితే, అవతల నట్టు నడుము ఉబ్బి రేకును కరిచి పట్టుకుంటుంది. ముక్కును మరలు వదిలేలా వెనక్కి తిప్పి ఊడదీస్తే నట్టు అక్కడే కాపురం ఉండిపోతుంది. ఇక ఏ బోల్టయినా ముందునుంచే బిగించుకోవచ్చు.

పుట్టింది లూధియానాలో. గోనెసంచుల మధ్య లారీలో ప్రయాణించి, విజయవాడ ఆటోనగర్‌లో కోటిలింగం గారి పనిముట్ల కొట్టుకు చేరాను. నాతో వచ్చిన తోబుట్టువులను ఆయన అరలో సర్దారు. నన్ను మాత్రం పెట్టె విప్పి, ఒక రేకు ముక్క పక్కన బల్ల మీద పెట్టారు. అలా నాకు చూపించే ఉద్యోగం వచ్చింది.

మనుషులు పనిముట్టును ఎలా ఎంచుకుంటారో నాకంటే ఎక్కువ చూసినవాళ్ళు ఉండరు. ఒకాయన నన్ను ఎత్తి వంకాయల్ని తూచినట్టు తూచేవాడు. ఇంకొకాయన పిడులు తెరిచి మూసి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వినేవాడు. ఏం వినిపించిందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. చివరికి రేకు మీద ఒక నట్టు కొట్టి, లాగి, గుంజి, కదలకపోతే మెచ్చుకుని, "సరే, పెట్టెలోంచి కొత్తది తియ్యండి" అనేవారు. నన్ను నమ్మి, పని తెలియనిదాన్ని ఇంటికి తీసుకుపోయేవారు. కష్టం నాది, కొనుగోలు దానిది. ఏ లెక్కన చూసినా ఇది నాకు నష్టపు బేరమే.

తరవాత కంపెనీ వాళ్ళు కొత్త రకం పంపారు. ఎర్ర రబ్బరు పిడులు, తేలికైన అల్యూమినియం తల. చూడ్డానికి పెళ్ళికొడుకే. కోటిలింగం గారు నన్ను చూపించి, వాటిని అమ్ముతూ వచ్చారు. "అన్నీ ఒకటే కంపెనీయండీ" అనేవారు. అది అబద్ధం కాదు. కాకపోతే మొత్తం నిజమూ కాదు. ఆ రెంటి మధ్య ఉన్న సందులోనే మా కొట్టు నడిచేది.

ఒక మధ్యాహ్నం కొట్టు నిండా జనం ఉండగా మార్తమ్మ వచ్చింది. బడి వ్యాన్లకు సీట్లు, పట్టుకునే కమ్మీలు బిగించే షెడ్డు ఆమెది. చేతిలో తల విరిగిన ఒక ఎర్ర పిడుల గన్ను ఉంది.

"ఇదేంటి లింగంగారూ, సగం పనిలో మెడ ఇరగ్గొట్టుకుంది? అది కొట్టిన నట్లు కూడా సరిగ్గా పట్టలేదు. కమ్మీ బోల్టు బిగిస్తుంటే గిరగిరా తిరుగుతున్నాయి. రేపు పొద్దున పిల్లల్ని ఎక్కించుకోవాలి ఆ వ్యానుకి. కమ్మీ కదిలిందంటే ఈ బండే కాదు, ఆ వ్యాను యజమానివి మిగతా బళ్ళు కూడా పక్క షెడ్డుకి పోతాయి."

"అయ్యో, గట్టిగా నొక్కేసుంటావమ్మా. ఇంకోటి తీస్కెళ్ళు."

"నొక్కే పనిముట్టుని నొక్కకపోతే ముద్దు పెట్టుకోనా?"

కొట్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. కొత్త గన్ను తీసి ముక్కు వైపు చూసింది.

"దీని ముక్కు మరలు అరిగితే ఇడిగా దొరుకుతదా?"

"కంపెనీకి రాస్తే పంపిస్తారు."

"ఆళ్ళు పంపేదాకా పిల్లల్ని వ్యానులో నుంచోమని చెప్పనా?"

అప్పుడు ఆమె చూపు నా మీద పడింది. నన్ను ఎత్తింది. తూచలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు. సూటిగా ముక్కు ఊడదీసి గోటితో మరలు తడిమింది. "మామూలు ఎలన్ బోల్టే! మన సందు చివర బోల్టుల కొట్లో దొరుకుద్ది. తల కూడా ఉక్కు. ఇది ఇవ్వండి."

"అది చూపించేదమ్మా, అమ్మేది కాదు."

"ఓహో! చూపిచ్చేది ఒకటీ, అమ్మేది ఒకటీనా?"

ఒకాయన అప్పుడే కొన్న ఎర్ర పిడుల గన్నును పెట్టెలోంచి తీసి మళ్ళీ చూసుకోవడం మొదలుపెట్టాడు. కోటిలింగం గారు మంచి వ్యాపారి. నన్ను ఇస్తే పోయేది ఒక్క గన్ను. ఇవ్వకపోతే పోయేది కొట్టు మాట. "నీకు కాకపోతే ఎవరికమ్మా!" అని నన్ను గుడ్డతో తుడిచి మరీ ఇచ్చారు.

షెడ్డులో ఆమె తిరిగే నట్లన్నీ తీయించి, బెజ్జాలు కొంచెం పెద్దవి చేయించి, లావు నట్లు నాచేత కొట్టించింది. ఇన్నేళ్ళూ బల్ల మీద రేకు ముక్కతో ఆడుకున్నదాన్ని; పనంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. సాయంత్రం వ్యాను యజమాని వచ్చి కమ్మీని వేలితో తట్టాడు. మార్తమ్మ అతన్ని పక్కకు జరగమని, కమ్మీ పట్టుకుని రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని వేలాడింది. ఆమె చిన్న మనిషేమీ కాదు.

కమ్మీ కదల్లేదు. "మిగతా బళ్ళు ఎప్పుడు తోలమంటావు?" అన్నాడతను.

కోటిలింగం గారు ఒకసారి షెడ్డుకు వచ్చారు. "దాన్ని తిరిగి ఇచ్చెయ్యమ్మా, కొత్తది ఇస్తాను. అది లేకపోతే జనం నమ్మట్లేదు" అన్నారు.

"నమ్మాలనుకున్నోళ్ళని ఇటు పంపండి. చూపిస్తా. ఈలోపు ఉక్కు తలవి తెప్పించండి, అమ్ముడుపోతాయి."

తెప్పించారు. అమ్ముడుపోయాయి. చూడడానికి షెడ్డుకు వచ్చినవాళ్ళలో కొందరు వాళ్ళ బళ్ళు కూడా ఇక్కడే వదిలి వెళ్ళారు.

నా ముక్కు ఇప్పటికి చాలాసార్లు మారింది. పిడులకు సైకిలు ట్యూబు చుట్టారు. మన్నిక అంటే అరగకపోవడం కాదు. అరిగిన చోటు మారిస్తే మళ్ళీ పనికి రావడం. నా ఉద్యోగం మాత్రం మారలేదు, ఇంకా చూపించేదాన్నే. ఇప్పుడు నన్నెవరూ తూచరు, చెవి దగ్గర పెట్టుకోరు. మలుపు దగ్గర వ్యాను ఒరిగినప్పుడు, నేను పెట్టిన నట్ల మీద ఉన్న కమ్మీని ఒక పిల్ల గట్టిగా పట్టుకుంటుంది. పక్కపిల్లతో మొదలుపెట్టిన కబురు మాత్రం ఆపదు.