నొప్పికి రెండే మార్కులు

మంచివాళ్ళతో పని చేయడం ఎంత కష్టమో నాకు గంగాలమ్మ మామ్మ వల్లే తెలిసింది. తిట్టేవాళ్ళతో పేచీ లేదు. ఉన్నదున్నట్టు మొహాన అనేసి పోతారు. ఈ మంచివాళ్ళే మనల్ని నిలువునా ముంచుతారు.

మోకాళ్ళ నొప్పులకి ఒక కంపెనీ కొత్త మందు తయారుచేసింది. ముందు ఎలుకల మీద, తర్వాత ఆరోగ్యంగా ఉన్న మనుషుల మీద పరీక్షలు దాటి, చివరికి నొప్పులున్నవాళ్ళ దగ్గరికొచ్చింది. ద్వారకా నగర్‌లోని మా క్లినిక్‌లో ఆ పరీక్ష జరుగుతోంది. కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు, మా డాక్టర్ నీలిమ గారికీ తెలియదు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారో అడిగి రాసుకోవడం నా పని. సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే ఓర్చుకోలేనట్టు. మాత్రలు మొదలుపెట్టాక కూడా ఆరు దాటితే డాక్టర్ గారు విడిగా వేరే నొప్పి మాత్ర ఇస్తారు. అందుకు నియమాలు ఒప్పుకుంటాయి. కొత్త మందు మంచిదో కాదో తేలేది మాత్రం ఈ మార్కుల మీదే.

గంగాలమ్మ మామ్మ జాలరిపేట మనిషి. ఏళ్ళ తరబడి చేపల తట్ట మోసి మోకాళ్ళు అరగదీసుకుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఎనిమిది అంది. నేను రోజూ ఊరి చివర పెందుర్తి నుంచి బస్సులో నిలబడి వస్తానని తెలిశాక ఆవిడకి నా మీద జాలి పట్టుకుంది.

"తిన్నావేటి పాపా? మొకం పీక్కుపోనాది. మీ యమ్మ సూడదేటి నిన్ను?" అనేది కుర్చీలో కూలబడుతూనే.

"తిన్నాను గానీ మామ్మా, నొప్పెలాగుంది?"

"తగ్గిపోనాదమ్మా. రెండేసుకో."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆవిడ చేతులు రెండూ పట్టుకుని ఊపేశాను. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా రెండే. ఆవిడకి పడింది అసలు మందేనని లోలోపల తీర్మానించేసుకున్నాను. అలా అనుకోకూడదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారనుకోండి. చెప్తే మనసు వింటుందా?

ఒక ఆదివారం చేపలు కొందామని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. జనం మధ్యలోంచి మామ్మ కనిపించింది. పలకరిద్దామని అడుగేశాను. అంతలో ఆవిడ లేవబోయింది. తట్ట అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, సగం లేచి మళ్ళీ కూలబడింది. పక్కనున్న ఇంకో ఆవిడ చంకల కింద చేతులేసి లేపి, షెడ్డు వెనక్కి నడిపించి వచ్చింది. ఆవిడ పేరు నూకాలనీ, మామ్మకి తోటికోడలనీ తర్వాత తెలిసింది.

నేనెవరో ఆవిడకి తెలియదు. "ఏమైందండీ ఆవిడకి?" అన్నాను.

"మోకాళ్ళమ్మా. రేత్రంతా మూలుగుతాది. ఆసుపత్రికెల్తాది గానీ అక్కడ నిజం సెప్పదు. అదేటే అంటే, ఆ పాప తగ్గిందంటే సంబరపడిపోతంది, నేదని ఎలాగ సెప్పీది అంటాది. పిచ్చిది."

ఒళ్ళు మండిపోయింది నాకు. వెనకే వెళ్ళి నాలుగు దులిపేద్దామనుకున్నాను. కానీ చేపలు కొనకుండానే బస్సెక్కాను.

మర్నాడు నీలిమ గారికి అంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆవిడ వేసిన మార్కులు మందుకి కాదు యశస్వినీ, నీకు. అందరూ ఇలాగే మొహమాటపడితే పనికిరాని మాత్ర కూడా బజార్లోకి వచ్చేస్తుంది. దాన్ని నమ్ముకుని ఎన్ని మోకాళ్ళు నడవాలో చెప్పు. పాత మార్కులు చెరపడానికి వీల్లేదు. నువ్వు చూసింది పక్కన రాసి కంపెనీకి పంపుదాం. ఇక నుంచి దేవీప్రసాద్ అడుగుతాడు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ మెల్లగా అన్నారు: "నిజం చెప్పి ఉంటే ఆ నొప్పి మాత్ర ఎప్పుడో ఇచ్చేదాన్ని."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. నా నవ్వు చూడ్డానికి ఆవిడ రాత్రుళ్ళు మూలుగుతూ పడుకుందన్నమాట. ఇంత ప్రేమ ఎవరడిగారు ఈవిడని? కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

దేవీప్రసాద్ మా దగ్గర రక్తం తీసే మనిషి. సూది గుచ్చేటప్పుడు కూడా పలకరించడు. ఆయన్ని సంతోషపెట్టాలని ఇంతవరకూ ఎవరికీ అనిపించలేదు, వాళ్ళావిడతో సహా.

మామ్మ మళ్ళీ వచ్చింది. పరీక్షలో ఆవిడకి అదే ఆఖరిసారి. నేను పక్క గదిలో, ఓరగా వేసిన తలుపు వెనక నిలబడ్డాను. ఇప్పుడు కూడా రెండంటే ఇక అంతే. ఆ అబద్ధం మందు లెక్కలో ఉండిపోతుంది, ఆవిడ ఆ నొప్పితోనే ఇంటికి పోతుంది.

"ఆ పాప రానేదేటి?"

"వేరే పన్లో ఉంది. నొప్పికెన్ని మార్కులు?" తల ఎత్తకుండానే అడిగాడు దేవీప్రసాద్.

మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. రెండనకే తల్లీ, రెండనకే అని నేను లోపల మొక్కుకుంటున్నాను.

"నాను సెప్పింది ఆ పాప సూత్తాదా?"

"రాసీది నాను. నువ్వు సెప్పు," అన్నాడు ఆవిడ యాసలోనే.

"అయితే తొమ్మిదెయ్యి బాబూ. నిద్దరే నేదు. మెట్లెక్కుతుంటే పేనం పోతంది." గొంతు తగ్గించింది. "ఆ పాపకి మాత్రం సెప్పకు. అది ఆ మందు తనదే అనుకుంటంది. తగ్గనేదంటే బాధపడతాది."

దేవీప్రసాద్ తల ఎత్తాడు.

"సెప్పన్లే మామ్మా," అన్నాడు, నేనున్న తలుపు వైపు చూస్తూ.