కుంకుడు రసంలో రాగి జుట్టు

ఆషాఢమాసం లేకపోతే అక్షయ జుట్టు నల్లగానే ఉండేది.

ఆషాఢంలో అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదంటారు. అందుకని పెళ్లయిన కొత్తలోనే అక్షయని చల్లపల్లి నుంచి గుణదలలో పుట్టింటికి పంపించేశారు. ఉద్యోగానికి ఇబ్బందేం లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే పక్కవాళ్లు రాసినదాంట్లో తప్పులు వెతికి జీతం తీసుకోవడం. లాప్‌టాప్ ఉంటే ఏ ఇంట్లో కూర్చునైనా తప్పులు వెతకొచ్చు. కానీ ఆదివారాలు తోచేది కాదు. అలా తోచని ఒక ఆదివారం గవర్నర్‌పేటలో పార్లర్‌కి వెళ్లి, ముందు బ్లీచ్, ఆ పైన రాగిరంగు వేయించుకుంది. వచ్చేటప్పుడు పార్లర్ అమ్మాయి కీర్తన బాలింతకి చెప్పినట్టు పథ్యాలు చెప్పింది.

"వేడినీళ్లు పోసుకోవద్దక్కా, నూనె పెట్టద్దు, గట్టిగా రుద్దద్దు. సల్ఫేట్ లేని షాంపూ వాడండి, అదీ రోజూ కాదు. తడిజుట్టు దువ్వద్దు. ఎండలోకెళ్తే చున్నీ కప్పుకోండి. బ్లీచ్ చేసిన జుట్టంటే అప్పడం అనుకోండి, గట్టిగా పట్టుకుంటే చేతిలోకొచ్చేస్తది. ఇప్పటికే చివర్లు విరుగుతున్నాయి. ఇంకాస్త పాడైందంటే భుజాల దాకా కత్తిరించడమే."

శ్రావణం రాగానే అక్షయ చల్లపల్లి వచ్చింది. అత్తగారు శివపార్వతి గుమ్మంలో ఎర్రనీళ్లతో దిష్టి తీసి, తల వంక ఓసారి చూసి, "బాగుందమ్మా" అంది.

ఆ బాగుందమ్మా ఏమిటో అక్షయకి అర్థం కాలేదు. ఆఫీసులో అయితే పాస్ అంటారు, ఫెయిల్ అంటారు, మధ్యలో ఏమీ ఉండదు. ఎరువుల కొట్టు నుంచి రాగానే భర్త సిద్ధార్థని పట్టుకుంది.

"మీ అమ్మగారు బాగుందన్నారు. అంటే ఏంటి?"

"బాగుందంటే బాగుందనే."

"మొన్న మన పెళ్లిలో ఆ నీళ్ల సాంబారు కూడా బాగుందనే అన్నారుగా?"

సిద్ధార్థ "అది వేరు" అన్నాడు. ఎలా వేరో మాత్రం చెప్పలేదు.

ఏ సందేహమూ లేకుండా మాట్లాడింది కొండలమ్మ ఒక్కతే. రేవు నుంచి చేపలు తెచ్చి ఇంటింటికీ అమ్ముతుంది. శ్రావణమైనా సోమ, శుక్ర, శనివారాలు తప్ప ఆ ఇంట్లో చేప ఆగదు కాబట్టి తరచూ వస్తుంది. పెరట్లో కత్తిపీట వేసుకుని పొలుసు తీస్తూ, "ఇదేం రంగమ్మా, పొయ్యిలో నిప్పులాగా మెరుస్తంది" అంది. "రాలిన జుట్టు పారెయ్యమాకండి, నాకియ్యండి. సవరం కట్టిస్తా, మా కోడలు ముచ్చట పడద్ది."

అక్షయ నవ్వేసి ఊరుకుంది. అసలు చిక్కు ఆ సాయంత్రం వచ్చింది.

"శుక్రవారం వరలక్ష్మీ వ్రతం" అంది శివపార్వతి, చేటలో కుంకుడుకాయలు ఏరుతూ. "తలంటు నేనే పోస్తాను నీకు. ఇద్దరూ మగపిల్లలే అయ్యారు నాకు. వెధవలు మాడు మీద చెయ్యి ఆననిచ్చేవాళ్లు కాదు. ముందురోజే నూనె పట్టించి, మరిగే నీళ్లతో కుంకుడు రుద్ది పోశానంటే, ఆ రంగు తాలూకు వేడంతా దిగిపోద్ది."

నూనె, మరిగే నీళ్లు, రుద్దుడు. కీర్తన వద్దన్నవన్నీ ఒకే వాక్యంలో ఉన్నాయి. అక్షయ నోరు తెరిచింది. లోపలి నుంచి "సరే అత్తయ్యా" అని వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు.

గదిలోకెళ్లి ఫోన్‌ని అడిగింది. రంగు వేసిన జుట్టుకి కుంకుడంత మంచిది లేదని ఒకావిడ. ఒక్కసారికే రంగు మొత్తం ఊడ్చేస్తుందని ఇంకొకావిడ. ముందు నూనె రాస్తే ఏమీ కాదని మూడో ఆవిడ, చివర్లో నిమ్మరసం పోస్తే రంగు నిలుస్తుందని నాలుగో ఆవిడ. ఈ నలుగురి మాటా నమ్మొద్దు, మా షాంపూ కొనండని అయిదో ఆయన.

ఇక మర్నాడు అక్షయ తనకి చేతనైన పని చేసింది. మెడ వెనక, కనపడని చోట, మూడు సన్నటి పాయలు కత్తిరించింది. రంగు దిగితే తెలియాలని మూడు తెల్లటి టీ కప్పులు తీసుకుంది. ఒకదాంట్లో ఉత్త కుంకుడు రసం. రెండోదాంట్లో నూనె రాసిన పాయ, కుంకుడు రసం. మూడోదాంట్లో కుంకుడు రసం, పైన నిమ్మకాయ పిండింది. ఏది ఏదో కలిసిపోకుండా పాయలకి ఎర్రదారం, నల్లదారం, పసుపుదారం కట్టింది. పెరట్లో నీళ్ల తొట్టి వెనక నీడలో మూడూ వరసగా పెట్టి, పిండగా మిగిలిన నిమ్మచెక్క పక్కనే వదిలేసి, గదిలో ఆఫీసు మీటింగ్‌కి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కప్పులు లేవు. పిల్లి తోసేసిందేమో అనుకుంది. కానీ నిమ్మచెక్క కూడా లేదు. నిమ్మకాయలెత్తుకెళ్లే పిల్లి గురించి ఆమె ఎక్కడా వినలేదు.

అక్కణ్ణుంచి ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున లేచేసరికి గది గుమ్మానికి మిరపకాయలు గుచ్చిన దండ వేలాడుతోంది. శివపార్వతి గుప్పెట్లో కళ్లుప్పు పట్టుకొచ్చి, మాటామంతీ లేకుండా కోడలి తల చుట్టూ తిప్పి పొయ్యిలో పోసింది. అక్షయ తల దువ్వుకుంటే పక్కనే నిలబడి, నేల మీద పడిన ప్రతి వెంట్రుకా ఏరి, కాగితంలో పొట్లం కట్టి బొడ్లో దోపుకుంది.

"శుక్రవారం తలంటు వద్దులేమ్మా" అంది చివరికి. "ఈ వారం నీ తల ఎవరూ ముట్టుకోవద్దు. నేను కూడా."

కోరుకున్నది కాళ్ల దగ్గరికే వచ్చింది. అయినా అక్షయకి ఏడుపొచ్చినంత పనైంది. అత్తగారు కప్పులు చూసేసింది, తన తలంటుని అనుమానించానని నొచ్చుకుంది. అదే అయ్యుంటుంది. మరి కోపం వచ్చిన మనిషి వెంట్రుకలు ఏరి బొడ్లో ఎందుకు దోపుకుంటుంది?

అంతలో వీధిలో కేక వినిపించింది. కొండలమ్మ నెత్తిన బేసినుతో గేటు దగ్గరికి వచ్చింది. శివపార్వతి గేటు తియ్యలేదు.

"ఇవాళ వద్దు. ఇక నువ్వు రావద్దు."

"ఏవైందండీ? మొన్న చేప బాలేదాండీ?"

"చేప సంగతి కాదు."

"మరేంటండీ?"

"ఏంటో నీకు తెలుసు."

కొండలమ్మ ఎండలో అలాగే నిలబడింది. "నాకేం తెలుసండీ" అంది, నిజంగా ఏమైనా తెలుసేమో అని వెతుక్కుంటున్నట్టు. తర్వాత ఎదురింటి వైపు తిరిగింది. ఆ ఇంటి వెంకటరత్నమ్మగారు అప్పటిదాకా వరండాలో కూర్చున్నావిడ, లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది.

"ఎందుకు రావద్దన్నారు అత్తయ్యా?"

శివపార్వతి ఆమెని చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చింది. "నీకు చెప్పకూడదనుకున్నా, జడుసుకుంటావని. తొట్టి వెనక నీ జుట్టు దొరికింది. రంగు దారాలు కట్టి, ఏవేవో రసాల్లో ముంచి, పక్కన కోసిన నిమ్మకాయ. నీ మీద ఎవరో చేతబడి చేయించారమ్మా. మనింటి కప్పుల్లోనే, ఎన్ని గుండెలో. పెరట్లోకి వచ్చే పరాయి మనిషి అదొక్కతే. నీ జుట్టు కావాలని అడగలేదూ?"

"సవరానికని అడిగింది."

"ఎర్రజుట్టుతో సవరం ఎవరు పెట్టుకుంటారే?"

"కప్పులేం చేశారు?"

"కాలువలో పారేయించా."

అక్షయ మంచం అంచున కూర్చుంది. నోరు మూసుకుంటే అన్నీ బాగానే ఉంటాయి. తలంటు తప్పింది, జుట్టు బతికింది, అత్తగారు కంటికి రెప్పలా కాస్తోంది. కాకపోతే వీధిలో ఒక్కొక్క తలుపూ కొండలమ్మ మొహం మీద మూసుకుంటుంది. ఇవాళ ఎదురిల్లు, రేపు పక్కవీధి. చేతబడి చేసే మనిషి చేతి చేప ఎవరు కొంటారు? నిజం చెబితే మాత్రం, నువ్వు ముచ్చటపడి పోస్తానన్న తలంటులో నేను తప్పులు వెతికానని అత్తగారి మొహం మీదే చెప్పాలి.

"అది చేతబడి కాదు అత్తయ్యా. టెస్టింగ్."

శివపార్వతికి అర్థం కాలేదు. అక్షయ మొదటి నుంచి చెప్పింది: కీర్తన, అప్పడం, నలుగురు ఆడవాళ్లు, నిమ్మకాయ. విన్నంతసేపూ శివపార్వతి బొడ్లోని పొట్లం తడుముతూనే ఉంది.

"వద్దని చెప్తే పోయేదిగా."

"మీరేమనుకుంటారోనని."

"అనుకుంటే అనుకునేదాన్ని. సాయంత్రానికి మర్చిపోయేదాన్ని." చటుక్కున లేచింది. "వెంకటరత్నమ్మగారికి కూడా చెప్పేశానే."

నలిగిన ఇంటి చీర మీదే తువ్వాలు కప్పుకుని గేటు దాటింది. ఇస్త్రీ చీర లేకుండా వీధి మొహం చూడని మనిషి వెనక అక్షయ పరిగెత్తింది. వీధి చివర గోడ నీడలో కొండలమ్మ బేసిను దించుకుని కూర్చుంది.

"కొండలమ్మా, రా. చేపలు కావాలి."

"నాకు తెలిసిందేదో ఉందన్నారుగా. అదేంటో తెలిశాక వస్తానండి."

"తప్పు నాది" అంది అక్షయ. "నా జుట్టు కోసి, దారాలు కట్టి, కుంకుడు రసంలో వేసింది నేనే."

"ఎందుకమ్మా?"

"రంగు దిగుద్దేమోనని."

"దిగిందా?"

"తెలీదు. అత్తయ్య చూసి, ఇంకేదో అనుకుని కాలువలో పారేయించారు."

కొండలమ్మ మొహంలో నవ్వు రాబోయి ఆగిపోయింది. అత్తని చూసింది, కోడల్ని చూసింది. అప్పటిదాకా ఆమెకి నిజంగానే తెలియదని, తామే వెతుక్కుంటూ వచ్చి మరీ చెప్పామని అక్షయకి అప్పుడు తట్టింది.

"ఇంకేదో అంటే, నేను చేయించాననా అండీ?"

శివపార్వతి బొడ్లోని పొట్లం మీద చెయ్యి వేసుకుంది.

"మీ పెద్దబ్బాయి పాకేటప్పటి నుంచి మీ పెరట్లో చేపలు కోస్తున్నా." గొంతు పెంచలేదు. "ఆ ఎదురింటావిడ తలుపేసుకుంది కూడా ఇందుకేనా?"

"ఇందుకే."

"అయితే వెళ్లి ఆవిడకి చెప్పండి. నాకు ఇక్కడికి వినపడాలి."

శివపార్వతి తువ్వాలు సర్దుకుని వెనక్కి నడిచింది. వెంకటరత్నమ్మగారి గేటు కొట్టింది.

"కొండలమ్మ ఏమీ చెయ్యలేదండీ. నేనే తప్పుగా అనుకున్నా."

"మరి ఆ జుట్టూ?"

"మా ఇంట్లోదే."

"నిమ్మకాయ?"

"అదీ మా ఇంట్లోదే."

"దారాలు కూడానా?"

"దారాలు, కప్పులు, బుద్ధిలేకపోవడం అన్నీ మా ఇంట్లోవే. సరేనా అండీ?"

వెంకటరత్నమ్మగారికి ఇంకా చాలా సందేహాలు ఉన్నట్టున్నాయి గానీ, శివపార్వతి ఆగలేదు. వీధి చివరికి తిరిగొచ్చి నిలబడింది. కొండలమ్మ బేసినులో చెయ్యి పెట్టి, బతికున్న కొర్రమీనుని తోక పట్టి తీసి, శివపార్వతి భుజం మీది తువ్వాలు అడిగి అందులో చుట్టి చేతికిచ్చింది.

"పెరట్లోకొచ్చి కొయ్యవా?" అంది శివపార్వతి.

"మీ పెరట్లోకి ఇప్పుడే రాలేనండీ. మీరే కోసుకోండి."

బేసిను నెత్తికెత్తుకోవడానికి అక్షయ చెయ్యి వెయ్యబోయింది. కొండలమ్మ తనే ఎత్తుకుని పక్కవీధిలోకి మళ్లింది.

ఇద్దరూ ఇంటివైపు నడిచారు. తువ్వాల్లో చేప కొట్టుకుంటోంది.

"శుక్రవారం చన్నీళ్లే పోస్తా" అంది శివపార్వతి, దాన్ని గుండెకి అదిమిపెట్టుకుని. "నీ షాంపూతోనే. నూనె మాడుకి మాత్రం పెడతా, జుట్టుకి తగలనివ్వను. దానికి కూడా వద్దంటే ఇప్పుడే చెప్పు."

"మాడుకి పర్లేదు అత్తయ్యా" అంది అక్షయ. అది నిజంగా పర్లేదో లేదో ఆమెకి తెలియదు. "దీన్నెలా చంపుతారు?"

"నాకేం తెలుసే. ఎప్పుడూ కొండలమ్మే చేసేది."

గేటు దగ్గర చేప తువ్వాల్లోంచి జారి రోడ్డు మీద పడింది. శివపార్వతి ఒకవైపు నుంచి, అక్షయ ఒకవైపు నుంచి వంగారు. ఎక్కడ పట్టుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.