పెరిగే పేజీలు

శుక్రవారం సెలవు వచ్చిందంటే సుభద్ర పదింటికల్లా ఇడ్లీపాత్ర కడిగేసి, భర్త మహీధర్ ఆఫీసు చొక్కాలు బాల్కనీలో ఆరేసి, ఎదుటి ఫ్లాటులో ఉండే శ్రీసుధ ఇంటికి వెళ్లేది. గల్ఫులో, కరామాలోని ఆ పాత బిల్డింగులో ఉండే ఐదారుగురు తెలుగు ఆడవాళ్లు అక్కడ చేరి, ఆ వారం చదివిన పుస్తకాల గురించి చెప్పుకునేవాళ్లు.

చెప్పేది ఎక్కువగా శ్రీసుధే. నచ్చని పుస్తకాన్ని ఆమె ముప్పయ్యో పేజీ దాటనిచ్చేది కాదు. పక్కన పెట్టేసి ఇంకోటి తీసేది. వారానికి నాలుగు వదిలేసి, నచ్చిన ఆ ఒక్కదాని గురించి చెబుతుంటే వినేవాళ్లకి టీ చల్లారిపోయిన సంగతి కూడా తెలిసేది కాదు. అది చూసి సుభద్రకి కడుపు రగిలిపోయేది. ఆమె అమలాపురం హెడ్మాస్టరుగారి కూతురు. విస్తట్లో మెతుకూ, పుస్తకంలో పేజీ వదలకూడదని చెప్పించుకుంటూ పెరిగిన మనిషి. వదిలేసేవాళ్లకి ఇంత వైభోగమా అనిపించేది.

2004లో శ్రీసుధ సగంలో వదిలేసిన ఒక నవలని సుభద్ర పనిగట్టుకుని అడిగి తెచ్చుకుంది. మీరు వదిలేసింది నేను పూర్తిచేశానని అందరి ముందూ ఒక్కసారి అనాలని ఆమె కోరిక. నవల మూడువందల పేజీలు. మొదటి పేజీ నుంచే నచ్చలేదు. కొందరి చేతికి గోరింటాకు బాగా పండినట్టు, నచ్చకుండా చదివే పుస్తకానికి సుభద్ర చేతిలో పేజీలు పెరిగేవి. చిన్నప్పుడూ అంతే. ఎనిమిదో తరగతిలో సాంఘికశాస్త్రం పుస్తకాన్ని సైకిలు వెనక తాడేసి కట్టుకుని బడికి తీసుకెళ్లింది. ఈ నవలేమో పది పేజీలు చదివితే పన్నెండు పెరిగేది. రెండేళ్లకి పద్దెనిమిది వందల పేజీలయింది. మహీధర్ షార్జా వెళ్లినప్పుడు వర్క్‌షాపులో చెప్పి దానికో ఇనప స్టాండు చేయించుకొచ్చాడు.

అయిందా అని శ్రీసుధ ప్రతి శుక్రవారం మామూలుగానే అడిగేది. ఆ గొంతులో ఎగతాళి లేకపోవడమే సుభద్రకి మరీ మంటగా ఉండేది.

2006 సెప్టెంబరులో దగ్గర్లోని స్కూలు లైబ్రరీలో చిన్నపిల్లలకి కథలు చదివి వినిపించే ఉద్యోగం పడింది. ఇద్దరూ అప్లికేషన్లు పెట్టారు. శ్రీసుధకే వస్తుందని బిల్డింగంతా అనుకుంది. సుభద్ర కూడా అదే అనుకుని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ప్రిన్సిపాల్ షహర్బాను మేడమ్ ఇద్దరికీ ఒకే పుస్తకం ఇచ్చింది. క్రమశిక్షణ గల ఒంటె కథ, పాతిక పేజీలు. ముందు శ్రీసుధ వెళ్లింది. సుభద్ర బయట కూర్చుని అద్దంలోంచి చూస్తోంది. పిల్లలు ఆవలిస్తున్నారు, బూట్ల లేసులు లాక్కుంటున్నారు. శ్రీసుధ మాత్రం పక్కనే నిలబడిన మేడమ్ వైపు ఒకసారి చూసి, నవ్వుమొహంతో ఆఖరి పేజీ దాకా చదివింది. ఇన్నేళ్లలో ఆమె నచ్చని పుస్తకాన్ని వదలకపోవడం సుభద్ర చూడటం అదే మొదలు.

తన వంతు వచ్చింది. నాలుగో పేజీకి ఒంటె వరసలో నిలబడింది. ఆరో పేజీకి మళ్లీ నిలబడింది. పుస్తకం ఒళ్లో బరువెక్కుతోంది. పిల్లలు దానికి చోటిస్తూ కాస్త వెనక్కి జరిగారు. పదో పేజీకి అది సుభద్ర గడ్డం దాకా వచ్చింది. దాని మీదుగా పిల్లల మొహాలు కనిపించక, ఆమె చదవడం ఆపింది.

"ఇది నాకు నచ్చలేదు. మీకో?" అని అడిగింది.

ముందు వరసలో కూర్చున్న రెండు జడల పిల్ల మేడమ్ వైపు భయంగా చూసి, "మిస్, సగంలో ఆపెయ్యొచ్చా?" అంది.

సుభద్రకి నాన్న గుర్తొచ్చాడు. "ఆపెయ్యొచ్చు," అంది, ఆ మాట తనకే చెప్పుకున్నంత మెల్లగా.

పిల్లలంతా లేచి అలమరల మీద పడ్డారు. రెండో పుస్తకాన్ని మూడో పేజీలో వదిలేశారు. మూడోదాన్ని బొమ్మ చూసే వద్దన్నారు. నాలుగోది మొదలుపెట్టాక బెల్లు కొట్టినా కదల్లేదు. మొదలుపెట్టింది పూర్తి చెయ్యాల్సిందేనన్న నియమం తానే పెట్టానని, అప్పట్నించీ లైబ్రరీకి ఎవరూ ఇష్టంగా రావడం లేదని మేడమ్ చెప్పింది. అక్కడ వారం మొదలయ్యే ఆదివారం నుంచి రమ్మంది.

ఆ సాయంత్రమే సుభద్ర నవలని మహీధర్‌తో కలిసి మోసుకెళ్లి శ్రీసుధకి తిరిగి ఇచ్చేసింది. ఎంతదాకా చదివారని శ్రీసుధ అడిగితే, విసుగొచ్చినా రెండేళ్లు చదివానని, ఇక వదిలేస్తున్నానని చెప్పింది.

ఆదివారం స్కూలు నుంచి వచ్చేసరికి శ్రీసుధ స్వీటు డబ్బాతో గుమ్మంలో ఉంది. లోపలికొచ్చి కూర్చుని, పిల్లల గురించి ఒకటి రెండు మాటలు అడిగింది.

"నేను ఆ ఒంటె కథ చివరిదాకా చదివానండీ. ఒక్క ముక్క వదల్లేదు," అంది, కాఫీ గ్లాసు చేతిలో తిప్పుతూ.

శ్రీసుధ కళ్లు సుభద్ర మెడలో వేలాడుతున్న స్కూలు కార్డు మీద ఆగిపోయి ఉన్నాయి. పెదాలు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి. ఆ నవ్వు ఎంత కష్టమో సుభద్రకి తెలుసు. ఇన్నేళ్లూ ఆ చూపు కోసమే కాచుకుంది, తీరా వచ్చాక దాన్ని చూడబుద్ధి కాలేదు. కార్డుని మెల్లగా పైట చాటుకి తోసుకుని, స్వీటు డబ్బా మూత తీసి, ముందు శ్రీసుధకే పెట్టింది.