గట్టి గాలి

చిన్న ట్రక్కు నడిపే ఆ మనిషి ఆ రోజు కిరాయి వదులుకుని టైర్ల కొట్లో తిష్ఠ వేశాడు. కొట్టు సొంత బావమరిదిదే. కనబడిన ప్రతి టైరునీ, కూరగాయలు ఏరుకునేవాడిలా, బొటనవేలితో నొక్కి నొక్కి చూశాడు.

భార్యకు క్యాన్సర్ వెన్నులోకి పాకింది. నొప్పి తగ్గే ఇంజెక్షన్ కోసం వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. దారి సగం తారు, సగం గులకరాళ్ళు, వాన పడితే బురద. గతుకు గతుక్కీ ఆమె పెట్టే కేక అతని ప్రాణం తోడేస్తోంది. ఆమెను కేక పెట్టనివ్వకుండా ఆస్పత్రికి చేర్చాలి, అంతే. ఇంకేమీ అక్కర్లేదతనికి.

“ఈ పెద్ద గళ్ళవి బురదలో దిగబడవు బావా. రాళ్ళ మీద మాత్రం కుదిపేస్తాయి. అక్క తట్టుకోలేదు,” అన్నాడు బావమరిది.

“మరి ఆ నున్నటివో?”

“తారు మీద వెన్నే. బురదలో దిగాయంటే నువ్వు దిగి తొయ్యాల్సిందే.”

చివరికి మధ్యరకం తీసుకున్నారు. ఎండకీ వానకీ పనికొచ్చేవి, పక్కలు మెత్తనివి. అంతవరకూ బావాబావమరుదులకు పేచీ రాలేదు. పేచీ అంతా గాలి దగ్గర వచ్చింది.

“సరుకు లేదుగా, గాలి కాస్త తగ్గించి కొడతాను. అప్పుడే ఈ టైరు సుఖం తెలిసేది.”

“నోర్ముయ్! నడిదారిలో టైరు పేలితే మీ అక్కను భుజానేసుకుని నడుస్తావా? నువ్వు నిక్కర్లు వేసుకున్నప్పటి నుంచీ బండి తోలుతున్నాను నేను. గట్టిగా కొట్టు!”

బస్తాలు మోసే బండికి గాలి రాయిలా ఉండాలని తోలడం నేర్పినవాడు చెప్పాడు. అతనికి అదే వేదం. మోసేది బస్తా కాదు, బస్తాలో సగం బరువు కూడా లేని మనిషి అన్న సంగతి ఆ బుర్రకు తట్టనే లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో ఎవడు వాదిస్తాడు? బావమరిది నిట్టూర్చి గట్టిగానే కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే సీటు వెనక్కి వాల్చి, దిండ్లు పేర్చి, భార్యను పడుకోబెట్టాడు. గులకరాళ్ళ దారి మొదలైంది. కేక వినబడలేదు.

“ఎలా ఉందే?”

“బాగుంది.”

“మెత్తగా ఉందా?”

“పరుపు మీద ఉన్నట్టుంది,” అంది ఆమె, ముఖం కిటికీ వైపు తిప్పుకుని, దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుని.

ఇక అతన్ని పట్టపగ్గాలు లేవు. “చూశావా! మీ తమ్ముడి మాట వినుంటే ఈపాటికి ఏ గోతిలోనో ఉండేవాళ్ళం!” అంటూ దారి పొడుగునా కోతలు కోశాడు.

ఆస్పత్రిలో నర్సు దుప్పటి తీసింది. అంచంతా రక్తం. కింది పెదవి పళ్ళ గాటుకు చీలిపోయి ఉంది.

“ఇదేంటమ్మా! నొప్పేస్తే అరవొచ్చుగా!” అంది నర్సు.

అతను తలుపు దగ్గర్నుంచి అదంతా చూశాడు. అయ్యో, పక్కనే కూర్చుని ఎంత గుడ్డివాడయ్యాడు! డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచి, ఇక తీసుకురావద్దన్నాడు. మందులు ఇంటి దగ్గరే వేసుకోవచ్చట, ఆమెను సుఖంగా ఉంచితే చాలట. ఆ మాటకు అర్థం అడగాల్సిన పని లేకపోయింది.

బయటికొచ్చి, ప్రతి టైరు పక్కనా చతికిలబడి, తాళంచెవి కొనతో వాల్వు నొక్కి కొంత గాలి వదిలాడు. తనను తాను తిట్టుకుంటూ, ఏడుస్తూ వదిలాడు.

తిరుగుదారిలో అవే రాళ్ళు. బండి మెల్లగా ఊగుతూ పోయింది. ఆమె ముఖం ఇటు తిప్పింది.

“ఇప్పుడు నిజంగానే మెత్తగా ఉంది.”

“మరి పొద్దున చెప్పలేదేమే?”

“నువ్వంత సంబరంగా అడిగితే ఏం చెప్పమంటావు?”

ఇన్నేళ్ళ కాపురంలో ఇంకా వేటికి బాగుందని చెప్పిందో అడుగుదామనుకున్నాడు. ధైర్యం చాలలేదు. ఈలోగా ఆమెకు నిద్ర పట్టింది.

ఇల్లు వచ్చింది. ఆమె ఇంకా హాయిగా నిద్రపోతూనే ఉంది. అతను బండి ఆపలేదు, తారు రోడ్డు మీద అలాగే ముందుకు పోనిచ్చాడు.